ఒక్కటే తుపాకి

భువనగిరిలో ఒక ఇంటికి కొత్తగా సున్నం వేశారు. భర్త తన తండ్రి పాత ఫోటోతో స్టూలెక్కాడు. భార్య తన తండ్రి ఫోటో పట్టుకొని కింద నిలబడింది.

"మా బాపు ఫోటోనే నడిమిల ఉండాలె. రజాకార్లను తరిమిన దళంల ఉన్నడు," అన్నాడు భర్త.

"మా నాయిన తక్కువనా? దొర గడీకి కావలి ఉన్నడు. పానగల్ కాడ మీ బాపును ఉరికించిండట."

"ఉల్టా చెప్తున్నవే! మా బాపే మీ నాయినను ఉరికించిండు. చేతుల తుపాకి కనబడ్తలేదా?"

"మా నాయిన చేతుల గూడ ఉన్నది గద! ఏదీ, జర నీ ఫోటో ఇటియ్యి... గీ తుపాకి పిడికి తీగ చుట్టి ఉన్నది, చూసినవా?"

"ఉంటేంది?"

"మా నాయిన తుపాకికి గూడ గదే తీగ."

"అరె, ఎనక తెర మీద నెమలి గూడ గదే!"

"కోటు గూడ గదే. ఇద్దరికీ భుజాలు జారిపోతున్నయి. ఇది ఫోటోలు దిగనీకి స్టూడియోల పెట్టిన కట్టె తుపాకయ్యా!"

"మరి మన లగ్గం దాకా ఇద్దరికీ పగనే ఉండెనని చెప్తుండిరి గదనే?"

"మీ బాపు ఫోటోల తెర పక్కన గా చెయ్యి ఎవరిది? ఆరు వేళ్లున్నయి."

"ఆరు వేళ్లు మీ నాయినకే గద!"

"ఆఁ. తన వంతు కోసం నిలబడ్డడు."

భర్త చెయ్యి చాపి రెండు ఫోటోలూ అందుకున్నాడు.

"ఇగ ఎట్ల పెట్టమంటవు?"

"పక్కపక్కకే పెట్టు. దూరం పెడితే తుపాకి అందుకొనుడు కష్టమైతది."