ఆదివారం దాకా పచ్చగా

హలో… ఆ, నేనే దావీదన్నా, శ్రీవాసవిని… కడప నుంచే. నువ్వు మళ్ళా చేస్తావని ఫోను కాడనే కూచున్నా.

పొద్దన చేస్తే మీ ఇంటామె కృపమణక్క ఎత్తింది. నువ్వు నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెడతాండావనింది…

ఏం లేదన్నా, గడ్డి గురించే. మా ఇంటి ముందర నువ్వొచ్చి పరిచిపోయినావే, ఆ లాను… ఆ, పసుప్పచ్చగా తిరుక్కుంటాంది. గేటు పక్కనైతే గోగునార మాదిరి ఎండిపోయింది.

పోస్తానే ఉండా. పొద్దనా పోస్తా, మధ్యాన్నమూ పోస్తా—

మధ్యాన్నం పొయ్యగూడదా? … ఎండకు నీళ్ళు కాగి వేరు ఉడుకుతాదా! … మా ఆయనే చెప్పినాడన్నా, పూటపూటకూ పొయ్యమని.

ఆ… తెల్లారుజామున ఒక్కసారి. బాగా లోపలికి ఇంకేటట్టు… దినామూ పైపైన చల్లితే వేరు లోతుకు పోదా? సరే, దినం మార్చి దినం.

కొయ్యడమా? మొన్ననే మిషన్ తెప్పించి నున్నగా కోయించినాడు… అయ్యో. ఎండాకాలం పొడుగ్గా వదిలెయ్యల్లనా? దాని నీడ దానికేనా… నాకేం తెలుసన్నా, మనూర్లో గడ్డంటే ఎనుములకు ఏసేదే గదా.

గొర్రెల ఎరువు… జల్లెడ పట్టి, ఎర్రమన్నులో కలిపి… ఇప్పుడొద్దా? వాన పడినాకనా? సరే.

మల్లెకుండీలు, కరేపాకు బాగానే ఉండాయి. మొదలు కాడ వరిగడ్డి పరిచినా, నువ్వు ఆ పొద్దు చెప్పినట్టే. తడి నిలుస్తాంది. వాటి దిగులు లేదు నాకు. ఈ గడ్డి ఒక్కటే…

ఆదివారం మా ఆడబిడ్డకు నిశ్చితార్థం. ప్రొద్దుటూరు నుంచి పెళ్ళికొడుకు తరపోళ్ళు వస్తారు. లానులో కుర్చీలేసి కూచోబెట్టల్లని ఈయన ఆశ. హైదరాబాదులో ఎవురింట్లోనో చూసొచ్చినాడు గదా…

అన్నా, ఒకటడుగుతా. … రెండు దినాలు దీనికి ఎవురూ నీళ్ళు పొయ్యకపోతే బతుకుతాదా?

ఊరికే అడుగుతాండా.

చావదా? … పైన ఎండినా వేరు బతికే ఉంటాదా? వాన పడితే మళ్ళా లేస్తాదా? … వేరు సంగతి ఈ ఇంట్లో ఎవురికి కావల్లన్నా. ఆదివారం దాకా పచ్చగా కనపడల్ల. అంతే.

యాడికి పోతా… మనూరికే, రాయచోటికి. మా నాయన కాడికి. పక్షవాతం వచ్చి పడిపోయినాడని తెలిసినప్పట్నుంచి అడుగుతానే ఉండా. "ఆదివారం కానీ" అంటాడు ఈయన. "నువ్వు పోతే గడ్డి ఎవురు చూస్తారు, అమ్మ వంగలేదు" అంటాడు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, అదీ నిజమే…

పనిమనిషి మానేసింది. వాళ్ళ వీధిలో బిందె నీళ్ళకు కొట్లాటలు. ఈడ ట్యాంకరు తెప్పించి గడ్డికి పోస్తాంటే ఆమెకు కడుపు రగిలింది. నాకే మొగం చెల్లలేదన్నా, ఉండమని చెప్పనీకి.

గేటుకు తాళం గూడా ఏసినాడు. ఈ కరువుకు ఆవులకు యాడా మేత లేదు. పచ్చగా కనపడేసరికి వచ్చి గేటు తోస్తాండాయి… తాళంచెవి అత్త బొడ్లో ఉంటాది. ఆవుల కోసం ఏసినాడో, నా కోసం ఏసినాడో…

ఉండు— … ఆ, అన్నా! వేపపిండి అన్నావు గదా, చెదలకు! ఎంత చల్లల్ల? … అవునవును, చెదలే!

…

పోయింది. అత్త. నీళ్ళు తాగనీకి లేచొచ్చింది. నువ్వేమీ అనుకోవద్దు.

ఏందన్నా?

చెప్పు… ఏంది, నాకు తెలీంది?

మాయమ్మ చేసిందా? ఎప్పుడు? … ఈ ఫోనుకేనా?

నాకెవురూ చెప్పలేదే.

నిన్న గూడానా! … ఎవురెత్తినారు? … ఈయనేనా. ఏమన్నాడంట?

…నేను గుడికి పోయినానని చెప్పినాడా.

అన్నా… నేను గేటు దాటి శానా దినాలైంది.

నాయనకు ఎట్లుండాది? దాచొద్దు, చెప్పు… గుటక పడలేదా… డాక్టరు ఏమంటాడు? … ఇంటికి తీసకపొమ్మన్నాడా.

…

ఆ, ఉండా. వింటాండా.

నన్ను అడుగుతాండాడా? మాట పడిపోయిందన్నారే… "వా" అని మాత్రం అంటాడా… వాకిలి దిక్కు చూసి…

అన్నా, ఫోను పెట్టెయ్యొద్దు. ఒక్క నిమిషం.

అత్తా! … ఆ, రాయచోటి నుంచే. గడ్డి గురించి కాదు. మా నాయన పోతాండాడంట. మాయమ్మ ఈడికి ఫోను చేసిందంట, నిన్నా చేసింది, ఈపొద్దూ చేసింది. మీకు తెలుసునా అత్తా? … నా మొగం చూసి చెప్పండి.

…అయితే తెలుసు మీకు.

నిశ్చితార్థం ఆగిపోతాదని… ఆ, చెడుమాట వినపడగూడదని. నేను అడ్డం రాను అత్తా. ప్రొద్దుటూరోళ్ళకు ఎవురూ చెప్పరు. మీ కొడుకుతో నేనే మాట్లాడతా, ఏమంటే అది పడతా. ఇప్పుడు మాత్రం నన్ను పోనీండి. మా నాయన ఇంకా బతికుండాడు.

…

గడ్డా? ఎండనీండి అత్తా!

…

అన్నా, ఉండావా? … అత్త కూచోనుండాది, నేల చూసుకుంటా… లేస్తాంది. తాళంచెవి తీసింది… నా చేతికియ్యలేదు. తానే పోతాంది. గోడ పట్టుకోని మెట్లు దిగుతాంది, గేటు కాడికి…

వస్తాండా అన్నా. చీర గూడా మార్చను. గువ్వలచెరువు ఘాటు దాటితే మనూరే గదా.

నువ్వు యాడుండావిప్పుడు? నర్సరీలోనేనా? … ఆ సెల్లు పట్టుకోని మా ఇంటికి పో అన్నా, పక్కనే గదా. పరిగెత్తు. నేను పెట్టెయ్యను.

…

…

మాయమ్మ గొంతు వినపడతాంది. … అమ్మా, ఏడవొద్దు. నాయన చెవి కాడ పెట్టు. నేను మాట్లాడతా.

పెట్టినావా?

నాయనా.

నేను, వాసవిని… నేను గుడికి పోలేదు నాయనా. ఇంట్లోనే ఉండా. నాకు చెప్పలేదు, అంతే. చెప్పింటే రాకుండా ఉంటానా…

ఊపిరి వినపడతాంది… మెల్లగా తీసుకో. తొందర లేదు.

ఆ… ఆ, "వా" అంటే నేనే. వాసవినే.

అత్త గేటు తీసింది, బయల్దేరుతాండా. … ఇంగ పెట్టెయ్యల్ల నాయనా. ఈ ఫోనుకు తీగుండాది. నాతో పాటు రాదు.

పెట్టేస్తాండా.