ఇరవయ్యో నత్త

"సముద్రంలో నత్తలుంటాయని మీలో ఎవరికైనా తెలుసా? గుల్ల మోసుకు తిరిగేవి కాదు. అసలు గుల్లే లేనివి."

రంగుల బాబాయ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి అందరినీ ఓసారి కలియజూశాడు. పడవలకి రంగులేయడం ఆయన పని. వాన పడితే పని ఉండదు, పని లేకపోతే రేవు పక్కన ఈ టీకొట్టులో ఉంటాడు. ఆ సాయంత్రం వాన పడుతోంది. కొట్టు నడిపే అక్క కాక, ఐసు బండి డ్రైవరూ, రిటైరైన లెక్కల మాస్టారూ ఉన్నారు.

"నాలుగేళ్ల కిందట ఒక ఆఫీసరమ్మ వచ్చింది. సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ఆఫీసు నుంచి. రేవు అవతల రాళ్లున్నాయి చూడండి, ఆటుకి నీళ్లు వెనక్కి పోతే మధ్యలో గుంటలు బయటపడతాయే, అక్కడ ఈ నత్తలు ఎన్ని రకాలున్నాయో గుర్తుపట్టి రాసుకెళ్లాలిట. టైము మూడు రోజులు. వాటిని పట్టించేది రంగే. అంచు పసుపా, నారింజా? చుక్క నలుపా, ముదురు నీలమా? అంత సన్నటి తేడా. రంగుల సంగతి తెలిసిన మనిషి కావాలంటే ఇంకెవరి దగ్గరికి పోతుంది, తిన్నగా నా దగ్గరికే వచ్చింది."

"ఇంతవరకూ నమ్మచ్చు," అన్నాడు డ్రైవరు.

"నమ్మక ఏం చేస్తావులే. మొదటిరోజు ఓ రాయి తిరగేశాను. అడుగున చీమిడి ముద్దలాంటిది ఒకటి అంటుకుని ఉంది. ఇంకొకడైతే ఛీ అని పారేసేవాడు. నేను దాన్ని నీళ్ల గిన్నెలో వేశాను. అప్పుడేమైందనుకున్నారు? మెల్లిగా విచ్చుకుంది. తలమీద రెండు చిన్న కొమ్ములు, వీపుమీద ఓ పువ్వు. ఆ పువ్వుతోనే ఊపిరి పీలుస్తుంది."

"వీపుతోనా?" అంది అక్క, పాలు కలపడం ఆపి.

"వీపుతోనే తల్లీ. ఒళ్లంతా నీలం, అంచుకి పసుపు గీత. ఆఫీసరమ్మ బొమ్మల పుస్తకం తెరవబోతుంటే, నలభై రెండో పేజీ చూడండమ్మా అన్నాను. చూస్తే అక్కడే ఉంది."

"ఆ పుస్తకం ముందే చదివావా?" అని అడిగారు మాస్టారు.

"చదవడమెందుకు మాస్టారూ, అట్ట తడిమితే చాలదూ. సరే, రెండోరోజుకి చెయ్యి తిరిగిపోయింది. గంటకి నలభై నత్తల పేర్లు చెప్పేశాను."

"అంటే నిమిషన్నరకి ఒకటి," అన్నారు మాస్టారు.

"మధ్యలో టీ కూడా తాగాను, అదీ కలుపుకోండి. మధ్యాహ్నానికి కళ్లతో చూడ్డం విసుగొచ్చి, కళ్లు మూసుకుని వేలితో తాకి చెప్పడం మొదలెట్టాను. ఇదిగో ఇది చుక్కలది, ఇది చారలది, ఇది చారలదే కానీ మొన్న జ్వరం పడి లేచింది అని."

డ్రైవరు నవ్వు ఆపుకుంటూ, "తాకితే కుట్టవా బాబాయ్?" అన్నాడు.

"మంచి మాట అడిగావు. వాటిలో కొన్ని ఏం చేస్తాయంటే, కుట్టే జీవాల్ని తింటాయి. తిని, వాటి విషపు ముళ్లని అరిగించుకోకుండా తమ వీపుమీదికి చేర్చి దాచుకుంటాయి. ఎవడైనా మీదికొస్తే ఆ ముళ్లతోనే కుడతాయి. తిన్నదాని కత్తి తమ నడుముకి కట్టుకున్నట్టు. ఇది మాత్రం నిజం."

"మరి మిగతావి?" అన్నారు మాస్టారు.

బాబాయ్ వినిపించుకోలేదు. అదే సమయానికి గొడుగు దులుపుకుంటూ పిన్ని వచ్చింది. బాబాయ్ భార్య. ఆటు వేళల్లో ఆ రాళ్లమీద గుల్లలు ఏరి అమ్ముతుంది. ఆయన వీపు అటు ఉంది. డ్రైవరు జరిగి చోటివ్వబోతే, పిన్ని నోటికి వేలు అడ్డం పెట్టి, వెనక బెంచీ మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

అక్కకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. "పిన్ని రాలేదా బాబాయ్ నీతో?"

"మీ పిన్నా? అవి జారుడు రాళ్లమ్మా. ఆవిడ వల్ల ఏమవుతుంది, ఇంట్లోనే ఉండిపోమన్నాను. ఇక మూడోరోజు సంగతి వినండి. పొద్దున్నే వెళ్లేసరికి నత్తలన్నీ వరసకట్టి నిలబడి ఉన్నాయి. నేను వాటి దగ్గరికి పోనక్కర్లేదు, అవే వస్తున్నాయి. ఒక్కొక్కటీ రావడం, వీపుమీది పువ్వు విప్పి చూపించడం, పేరు చెప్పించుకుని పోవడం. ముందువాటిని తోసుకొచ్చిన ఒకదాన్ని చివరికి పంపించాను కూడా."

"నత్త తోసుకొచ్చిందా?" అన్నాడు డ్రైవరు. "నత్తలు ఎంత స్పీడుతో వస్తాయేమిటి?"

"అందుకే ఆలస్యమైంది మరి. అలా చెబుతూ చెబుతూ ఉంటే కాళ్ల కింద రాయి మెత్తగా తగిలింది. ఇదేమిటి రాయి ఊపిరి పీలుస్తోంది అనుకున్నాను. అటు నడిచాను, మెత్తగానే ఉంది. ఇటు నడిచాను, మెత్తగానే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వెనక కొబ్బరి చెట్లంత ఎత్తున పువ్వు లేచింది. ముందు చూస్తే తెరచాప స్తంభాల్లాంటి కొమ్ములు రెండు. పొద్దున్నుంచీ నేను నిలబడింది రాయి మీద కాదు నాయనా, నత్త మీద. అది ఒకసారి ఒత్తిగిలితే రేవులో పడవలన్నీ ఒడ్డెక్కి కూర్చున్నాయి. దాని బరువుకి నీళ్లు వెనక్కి పోలేక ఆ రోజు ఆటు రెండు గంటలు లేటు."

"దాన్నీ గుర్తుపట్టావా?" అని అడిగాడు డ్రైవరు.

"అక్కడే వచ్చింది చిక్కు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ప్రపంచంలో ఎవరూ చూడనిది. ఆఫీసరమ్మ బొమ్మల పుస్తకం మూసేసింది. నువ్వు చూసింది కాబట్టి నీ పేరే పెడతానంది. వెళ్లి చూసుకోండి, ఆవిడ పేర్లు రాసుకెళ్లిన పుస్తకంలో ఇరవయ్యో నత్త నా పేరుమీదే ఉంటుంది."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క అనుమానం. గంటకి నలభై చెప్పినవాడివి, మూడు రోజులు చెబితే ఇరవయ్యోది ఎలా అయింది?"

బాబాయ్ టీ గ్లాసు అందుకున్నాడు. అందులో టీ లేదు.

"ఎందుకంటే మొత్తం దొరికినవి ఇరవయ్యే," అంది వెనకనుంచి పిన్ని.

బాబాయ్ తిరిగి చూడలేదు. చూడకుండానే కొంచెం కుంచించుకుపోయాడు.

"ఆ పేర్ల పుస్తకం నా చేత్తోనే రాశాను మాస్టారూ. ఆ రాళ్లు నాకు తెలుసని ఆఫీసరమ్మ నన్ను పిలిచింది. ఆవిడా నేనూ మోకాలి లోతు నీళ్లలో కూర్చుని ఒక్కొక్కటే చూసుకుని పందొమ్మిది పేర్లు రాశాం. ఈయన ఒడ్డున బకెట్ పట్టుకున్నాడు. ఈయన పేరు లేదనడానికి లేదు, ఉంది. మొదటి పేజీలో, సాయం చేసినవారు అని రాసిన చోట."

డ్రైవరు పకపకా నవ్వాడు. "మరి ఇరవయ్యోది?"

"అది ఆఫీసరమ్మకి కూడా తెలియలేదు. ఫోటో తీద్దామని బకెట్లో వేసి, కెమెరా కోసం వెళ్లింది. ఈయన బకెట్లో చెయ్యి పెట్టాడు. అది వేలిమీదికి పాకింది. పాకేసరికి కేకేసి బకెట్ వదిలేశాడు. నత్త రాళ్ల సందుల్లోకి పోయింది. మళ్లీ దొరకలేదు. ఇరవై, తెలియదు, అని రాసి మూసేశాం."

నవ్వబోయిన డ్రైవరు బాబాయ్ ముఖం చూసి ఆగిపోయాడు.

"అసలది ఎలా ఉంటుంది బాబాయ్?" అని అడిగింది అక్క. ఈసారి ఆట పట్టించడానికి కాదు.

బాబాయ్ చిటికెనవేలు చాపి చూపించాడు. "ఈ గోరంత ఉంటుంది. అంతే. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. ఎండ పడితే ఒకలా, నా నీడ పడితే ఇంకోలా. చల్లగా తగిలింది. భయమేసింది." ఆ వేలుకేసే చూస్తూ అన్నాడు. "ఆ రంగు కలుపుదామని నాలుగేళ్లుగా చూస్తున్నాను. రావట్లేదు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఆ చిటికెనవేలుకేసి చూశారు.

పిన్ని లేచి గొడుగు విప్పింది. "ఆఫీసరమ్మ ఇందాక ఫోన్ చేసింది. పొద్దున్నే వస్తోందిట, దాన్ని వెతకడానికి. ఆటు ఆరింటికి. పడుకో తొందరగా." ఒక అడుగు వేసి మళ్లీ ఆగింది. "ఈసారి మూతున్న డబ్బా ఇస్తాను."