జీడిపిక్కల లెక్క

ఏటడిగేవు? ఒకడు తప్పిపోతే ఏటి సెయ్యాలనా? ముందు కూకో అల్లుడూ. ఆ కుర్సీ ఇటు జరుపుకో, అక్కడ ఫేను గాలి తగల్దు. నిన్న హెడ్మాస్టరు నీ మెడలో విజిలు ఏసీసినాడని మీ అత్త సెప్పింది. కొత్తగా చేరినోడికి ఇలాటివి అంటగట్టడం నాకాలం నుంచీ ఉన్నదే. డ్రిల్లు మేష్టారికి ఖాళీ ఉండదు, లెక్కల మేష్టారికి మోకాళ్ల నొప్పులు, ఇంక మిగిల్నోడు నువ్వు. స్కౌటు క్యాంపు ఎక్కడన్నావు? మందస దగ్గర తోటలోనా? బాగుంటాది. నీల్లు సూసుకో. ఆ వాట్సాపు గ్రూపులో అమ్మలూ నాన్నలూ బుర్ర తినెత్తన్నారా? తినరా మరి? కన్న గుంటల్ని నీ సేతిలో ఎట్టి పంపుతున్నారు, తినకుండా ఎలాగుంటారు? ఒకడు తప్పిపోతే ఏటి సెయ్యాలో పుస్తకంలో ఏదో రాసుంటాది, అది సదువుకో. నన్నడిగితే నేను లక్ష్మీకాంతం మేష్టారి సంగతి సెప్పగలను, అంతే.

నువ్వు ఎరగవులే, నువ్వు ఈ ఊరొచ్చీసరికే ఆయన పోయి శానా కాలమైంది. టెక్కలి హైస్కూల్లో సోషల్ సెప్పేవోడు, స్కౌటు మేష్టారు. నేను ఆ బడిలోనే గుమస్తాని. నాకు స్కౌట్లకీ ఏటి సమ్మంధం అంటావా, ఏటీ లేదు. క్యాంపుకి పెద్దోళ్లు ఇద్దరుండాలని ఒక రూలు. ఆ రెండో పెద్దోడిని నేను. ఇంకెవరూ రాకపోతే నన్ను పట్టుకుపోయేవోడు. టెంటు కారితే బకెట్టు ఎట్టడం, సాంబారు మాడిపోకుండా సూడ్డం, గుంటడికి జొరమొస్తే గోలీ ఇవ్వడం, అవీ మన డ్యూటీలు. ఆయన సన్నంగా పొడుగ్గా ఉండేవోడు, ఆ ఖాకీ నిక్కరు ఏసుకుంటే చెర్లో కొంగ నిలబడ్డట్టే. ఆల్ల నాన్నగారు పురోహితం సేసేవోరు. వీధరుగు మీద కూకుని, "ఏరా, పెళ్లాం ఉన్నోడివి, నిక్కరేసుకుని ఊరంతా తిరగడమేట్రా, పంచె కట్టుకుని స్కౌటు సెయ్యకూడదేటి?" అనీవోరు. ఈయన నవ్వీసి ఎల్లిపోయేవోడు. మంచోడే గానీ మా సెడ్డ మొండి.

ఆయనకి ఒకటే రోగం, లెక్కెట్టడం. బస్సెక్కితే లెక్క, దిగితే లెక్క. నూతి కాడికెల్తే లెక్క, అన్నాలకి కూకుంటే లెక్క. ఏలు సాపి, పెదాలు కదుపుకుంటూ, ఆ సివరి నుంచి ఈ సివరికి, మల్లీ ఈ సివరి నుంచి ఆ సివరికి. "మేష్టారూ, ఇప్పుడే కదా లెక్కెట్టేరు, ఇంతలో పిల్లలెడతారేటి?" అని నేను ఎటకారమాడేవోడ్ని. ఆయన నవ్వీవోడు కాదు. "గోవిందరాజులూ, పంపిన తల్లికి మనం తిరిగి ఇవ్వాల్సింది ఒక్కటే. డ్రిల్లు రాకపోయినా ఆవిడ ఊరుకుంటుంది, ముడులు వెయ్యడం రాకపోయినా ఊరుకుంటుంది" అనీవోడు. నిజమే కదా. మిగతాదంతా ఎవడిక్కావాలి.

సరే, ఎమర్జెన్సీ అయిపోయేక అనుకో, ఆయనకి బుర్రలో ఒకటి పడింది. స్కౌట్లంటే ఎంతసేపూ టెక్కలి గుంటలేనా, భావనపాడు పడవలోళ్ల గుంటల్ని కూడా తేవాలని. మా బడికి అక్కడి నుంచి ఒచ్చేవోరు కొందరు, ఏడో ఎనిమిదో అయ్యీసరికి మానీసి పడవెక్కీసేవోరు. క్యాంపులకి తీసుకెల్తే బడి మీద ఇష్టం పుడతాదని ఈయన ఆశ. ఒక ఆదివారం ఇద్దరం సైకిలు మీద ఎల్లేం. ఆడోళ్లు ఒడ్డున ఎండుసేపలు తిరగేత్తన్నారు. అందరికీ పెద్ద దిక్కులాగ సన్యాసమ్మ అని ఒకావిడ, ముప్పై ఏళ్లుంటాయేమో, అంతే, గానీ ఆవిడ ఊఁ అంటే అందరూ ఊఁ అన్నట్టే. ఆవిడ కొడుకు యువరాజు అప్పుడు ఏడు సదువుతున్నాడు. మేష్టారు సెప్పిందంతా ఇంది. ఇని, "తీసుకెల్లు బాబూ. గానీ లెక్కెట్టకు" అంది. ఈయనకి అర్ధం కాలేదు. అప్పుడావిడ సెప్పింది, ఆళ్లలో మనుసుల్ని లెక్కెట్టరు. పడవలో ఎవరెవరు ఎల్లేరంటే పేర్లు సెప్తారు, ఎంతమందంటే నోరిప్పరు. ఆవిడ మరిది సముద్రం మీదకెల్లిన రోజు ఎవడో పైఊరోడు ఒడ్డున నిలబడి ఏలు సాపి లెక్కెట్టేడంట. ఆ లెక్క మల్లీ తిరిగి రాలేదంట. "నీ సదువులో అది తప్పు కాకపోవచ్చు బాబూ, మాకు తప్పే. మా గుంటల మీద ఏలు సాపి లెక్కెట్టనని మాటిత్తే పంపుతాం. నేదా, నేదు."

ఈయన మాటిచ్చీసేడు. ఇచ్చీసి, దారంతా ఏదో ఆలోసించుకుంటూ తొక్కేడు. నేను ఎనక క్యారేజీ మీద. ఆ క్యారేజీ సంగతి సెప్తే నీకు నవ్వొస్తాది, ఒక ఊస ఊడిపోయి ఉండేది, ఎల్లిన ప్రతిసారీ రెండ్రోజులు సరిగ్గా కూకోలేకపోయేవోడ్ని. సరే, రెండ్రోజులు పోయేక బడికొచ్చి నా టేబుల్ మీద ఒక గుడ్డసంచి ఎట్టేడు. ఏటని సూస్తే జీడిపిక్కలు. పలాసలో ఆల్ల బావమరిది పిక్కల వ్యాపారంలో ఉండేవోడు, ఆడి దగ్గర తెచ్చేడు. "పిల్లల్ని లెక్కపెట్టొద్దన్నారు గానీ పిక్కల్ని లెక్కపెట్టొద్దని అనలేదు కదా" అన్నాడు. బయటికెల్లేటప్పుడు ప్రతోడికీ తలో పిక్క. తిరిగొచ్చి ఆ పిక్క చెంబులో ఎయ్యాలి. చెంబు బోర్లించి పిక్కలు లెక్కెట్టుకుంటాడు, పిల్లల మీద ఏలు పడదు. అంతకీ ఊరుకోకుండా ఎల్లి సన్యాసమ్మని అడిగొచ్చేడు, ఇది తప్పేటని. ఆవిడ నవ్వి, "పిక్కలకేటి దిట్టి? లెక్కెట్టుకో" అందంట.

ఆ క్యాంపు హరిశ్చంద్రపురం స్టేషనవతల జీడితోటలో. అబ్బా, ఆ తోట బాగుండేది అల్లుడూ, ఇప్పుడు లేదులే. రైలు ఎల్లినప్పుడల్లా గుంటలందరూ వంటకాడ పనులొగ్గీసి సేతులూపడం, డ్రైవరు కూత ఎయ్యడం. రెండో రోజు పొద్దున్న జాడలాట ఎట్టేడు. ముందెల్లినోళ్లు కొమ్మలిరిసి, రాల్లు పేర్సి గుర్తులెట్టుకుంటూ ఎల్తారు, ఎనకోళ్లు ఆ గుర్తులు పట్టుకుని రావాలి. తలో పిక్కా ఇచ్చేడు. మద్దేన్నానికి అందరూ ఒచ్చేరు, టకటకా చెంబులో ఏసేరు. మేష్టారు బోర్లించి లెక్కెట్టేడు, సరిపోనాయి. నేను ఇస్తళ్లు ఏయించి వడ్డన మొదలెట్టించేను. అందరూ కూకున్నారు. ఒక ఇస్తరి మిగిలిపోయింది. దాని ముందర ఎవడూ లేడు. పప్పు ఒడ్డించే గరిటె అలాగే పట్టుకుని నేను మేష్టారి మొహం సూసేను. ఆయన చెంబు మల్లీ బోర్లించేడు.

శివాజీ అని ఒక గుంటడు, యువరాజుకి జత. ఆడు తల దించుకుని అన్నాడు, "యువరాజు పిక్క కూడా నానే ఏసీసినాను మేష్టారూ. ఆడే ఏసీమన్నాడు." ఏటయిందంటే, పొద్దున్న తోటలో ఉండగా గాలి తిరిగిందంట. మనకేటి తెలుత్తాది, మనకి గాలంటే గాలే. ఆడికి తెలిసింది. ఆడి అయ్య సముద్రం మీద ఉన్నాడు. ఒడ్డుకెల్లి సూసొస్తాను, నా పిక్క ఏసీరా అని జతగాడి సేతిలో ఎట్టీసి ఎల్లిపోనాడు. దొంగతనమేటీ కాదు, ఆళ్లలో అలాటిది ఉన్నాది. ఒకడు పనికి రాలేకపోతే ఆడి వలపని పక్కోడు సేసీస్తాడు, వాటా ఇద్దరికీ పడతాది. ఈడూ అలాగే అనుకున్నాడు, నా బదులు ఆడు ఏసేడు కదా, సరిపోయిందని. పిక్కలకి సరిపోయింది మరి.

జిల్లా నుంచి ఒచ్చిన క్యాంపు పెద్దాయన ఒకడున్నాడు, సెడ్డోడు కాదు. "లక్ష్మీకాంతంగారూ, కంగారు పడకండి. ముందు మనిషిని పంపి వెతికిద్దాం. దొరికాక తల్లిదండ్రులకి చెబుదాం. ఇప్పుడే చెబితే ఊరంతా వచ్చి పడుతుంది, రేపటినుంచి ఒక్క పిల్లవాణ్ణి కూడా పంపరు" అన్నాడు. తెలివైన మాటే కదా? నాకూ అలాగే అనిపించింది. మేష్టారు సైకిలు బయటికి తీసేడు. "వాళ్లమ్మకి తెలియకుండా నేను ఒక్క గంట గడపలేనండీ" అన్నాడు. పెద్దాయన్ని గుంటల దగ్గర ఉంచి నన్ను క్యారేజీ మీద ఎక్కించుకున్నాడు. ఆ ఎండలో, ఆ ఊడిన ఊస మీద, భావనపాడు దాకా. దారిలో కనిపించినోడినల్లా అడుగుతూ, పల్లంలోకి తొంగి సూస్తూ. నోట్లో ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు, దండకమో ఏటో, ఆల్ల నాన్నగారిది.

ఎల్లీసరికి సన్యాసమ్మ ఎండుసేపల దగ్గరే ఉంది. సైకిలు స్టాండు కూడా ఎయ్యలేదు, నామీదకి ఒగ్గీసి ఎదురుగా ఎల్లి నిలబడ్డాడు. "అమ్మా, మీ అబ్బాయి నా దగ్గర లేడు. ఎక్కడున్నాడో నాకు తెలీదు. పొద్దున్న వెళ్లాడట, నేను గమనించలేదు." అంతే. గాలి తిరిగిందని, శివాజీ పిక్క ఏసేడని, ఏ ఒక్కటీ సెప్పలేదు. నాకైతే ఆవిడ గుప్పెడు ఇసక తీసి మొహాన కొడతాదేమో అనిపించింది. ఆవిడ అదేటీ సెయ్యలేదు. సేపలు తిరగేసే కర్ర కింద ఎట్టి, సేతులు సీరకి తుడుసుకుని, "రా బాబూ" అని ముందు నడిసింది. అటు రేవు సివరికి, గాలి తిరిగితే కొడుకు ఎక్కడుంటాడో ఆవిడికి తెలుసు. అక్కడ బోర్లించిన పాత పడవ మీద కూకున్నాడు యువరాజు, స్కార్ఫు మెడలోనే ఉంది, సముద్రంకేసి సూత్తన్నాడు. ఇంటికి కూడా ఎల్లలేదు, తిన్నగా అక్కడికే ఎల్లిపోనాడు. నేనైతే రెండు పీకేవోడ్ని. ఈయన ఎల్లి పక్కన కూకున్నాడు. అప్పుడన్నాడు, "నాతో చెప్పి ఉంటే నేను కూడా వచ్చేవాణ్ణి కదరా." ఆడు, "సెప్తే పంపరు కదా మేష్టారూ" అన్నాడు. ఈయన ఆలోసించి, "నిజమే, పంపను" అన్నాడు. తరవాత ఇద్దరూ సముద్రం సూత్తా కూకున్నారు, ఆడి అయ్య పడవ కనిపించిందాకా.

మరింక ఈ స్కౌటు గొడవ అయిపోయింది, రేపట్నుంచి నా క్యారేజీ బాధ తీరిపోయింది అనుకున్నాన్నేను. సన్యాసమ్మ కొడుకు మొహం కడిగి, అన్నం తినిపించి, రెక్కుచ్చుకుని తెచ్చి మేష్టారి ముందర నిలబెట్టింది. "తీసుకెల్లు" అంది. ఈయన నమ్మలేదు. ఆవిడంది కదా, "దొరికినాక ఒచ్చి సెప్పేవోళ్లు శానామంది ఉంటారు బాబూ. నువ్వు దొరక్కముందే ఒచ్చి సెప్పినావు." అని, మల్లీ అంది, "ఆ పిక్కలు పారెయ్యి. లెక్క మాత్రం ఒద్దు. పేరెట్టి పిలు. పిలిత్తే ఆడి నోటితో ఆడే పలకాల. పిక్క ఇంకోడు ఏసీగలడు గానీ గొంతు ఇంకోడు ఏసీనేడు కదా." అంతే అల్లుడూ, అక్కడి నుంచి రిటైరయిందాకా ఆయన పేర్లే పిలిసేడు. బస్సు కదలకముందు పేర్లు, అన్నాలకి ముందు పేర్లు. మా డ్రైవర్లు తిట్టుకునీవోరు. లెక్క మాత్రం ఎట్టలేదు. మాటిచ్చేడు కదా. ఒక్కోసారి ఏలు లేసేది, ఇంకో సేత్తో పట్టుకుని కిందకి దింపుకునీవోడు, నేను సూసేను.

యువరాజు ఇప్పుడు తాతయిపోనాడు. నీ క్యాంపులో అనిత అని ఒక గుంట ఉన్నాదే, నల్లగా, గట్టిగా మాట్లాడతాది, ఆడి మనవరాలే. ఆళ్లింట్లో నీకు ఏదైనా సెప్తే ఇనుకో, పాత మాటలని కొట్టిపారీకు.

ఆయనకి ఆకర్ని కిడ్నీలు పోనాయి. మన ఉద్దానం వైపు కొత్తేటి, ఇంటికొకరు. డయాలసిస్‌కి తిప్పి తిప్పి, ఇంక ఒద్దని ఇంటికి తెచ్చీసేరు. మనిసి మనలో లేడు. ఒకటే మాట, "అందరూ వచ్చేశారా?" పాపం ఆయన భార్య రత్నాలమ్మగారు సుట్టాల గురించనుకుని ఊళ్లల్లో ఉన్నోళ్లందరికీ ఫోన్లు సేయించి రప్పించీసింది. ఒచ్చినోళ్ల మొహాలు సూసి మల్లీ అదే, "అందరూ వచ్చేశారా?" నాకు తెలుసు ఎవరి గురించో. "ఒచ్చీసేరు మేష్టారూ" అన్నాను. నామాట నమ్మలేదు, ఎప్పుడు నమ్మేడు గనక. అప్పటికి సన్యాసమ్మ ఒచ్చి మంచం కాడ నేలమీద కూకుంది, పెద్దదయిపోయింది, యువరాజు తీసుకొచ్చేడు. ఈయన దుప్పట్లోంచి ఏలు పైకి లేపి, ఎవర్ని అడుగుతున్నాడో మరి, సిన్నపిల్లడు అడిగినట్టు, "లెక్కపెట్టొచ్చా?" అన్నాడు. సన్యాసమ్మ ఆ ఏలు పట్టుకుని మెల్లగా దుప్పటి మీద ఎట్టి, "నువ్వొద్దులే బాబూ. నాను లెక్కెట్టీసినాను. అందరూ ఒచ్చీసినారు" అంది.

పుట్టి బుద్దెరిగి మనిసిని లెక్కెట్టని మనిసి ఆవిడ.

ఊఁ. ఆ విజిలు అలాగ టేబుల్ మీద ఒగ్గీకు, మీ అత్త సర్దీస్తే మరి దొరకదు. నీల్ల టాంకరు మాట్లాడేవా? మాట్లాడకపోతే మాట్లాడు, మందస్లో మద్దేన్నం దాటితే రాడాడు.