ఓడను పట్టుకున్న తీగ

మీలో ఎవరినైనా ఒక మొక్క పట్టుకుని, "వెళ్ళొద్దు" అని ఆపిందా? లేదు కదా. మరెందుకా నవ్వు, టైరు షాపు అన్నా? ఆక్షేపణ ఉంటే చెయ్యెత్తు, గ్లాసు కాదు. టీ ఒలుకుతుంది.

నేను ఆ దీవికి షికారుకి వెళ్ళలేదు, మొక్కల పరిశోధనకి వెళ్ళాను. ముందు మా మేడమ్, ఆవిడ వెనక మా జట్టు, అందరికంటే చివర నేను. వాళ్ళంతా తలలెత్తి చెట్లు చూస్తున్నారు, నేను మాత్రం కాలికి ఏదో అడ్డం తగిలి బోర్లా పడ్డాను. పడ్డదాన్ని లేవకుండా అక్కడే చూశాను. తీగ. పందిరి మీద పాకే మెత్తటి తీగ కాదు, టైలరు బాబాయ్, నీ మిషను బల్లకి పనికొచ్చేంత గట్టి కొయ్య. ఆ జాతి తీగ మా మొక్కలవాళ్ళందరికీ తెలిసిందే, దాని ఆకు నున్నగా ఉంటుంది. దీని ఆకు తిరగేస్తే అడుగున ఇటుకపొడి రంగు నూగు, పిల్లి చెవిలో ఉన్నట్టు. "మేడమ్, ఇది వేరే రకం," అన్నాను.

"అంటే పడి కనిపెట్టావన్నమాట," అన్నారు లెక్కల మాస్టారు.

పడేవాళ్ళు లేకే కదా మాస్టారూ, అది ఇన్నాళ్ళు ఎవరికీ కనిపించనిది.

"ఎంత లావుంది?" అన్నాడు బాబాయ్.

నా నడుమంత.

"నిన్న మణికట్టంత అన్నావు."

నిన్నటి నుంచి పెరిగింది. అదేగా చెప్పబోతున్నది, మీరు ఆగితేగా. దాని కొసకి నా అన్నం డబ్బా తగిలించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి డబ్బా చెట్టు మీదుంది. ఎక్కాను. నేనెక్కేలోపు అది పక్క చెట్టుకి పాకింది. నేనూ పాకాను. అలా చెట్టు మీంచి చెట్టుకి, అడవికి ఈ చివర ఎక్కినదాన్ని ఆ చివర దిగాను. ఒక్కసారి కూడా కాలు నేల తగల్లేదు. డబ్బా దొరికింది కానీ, అప్పటికే తీగ మూత తీసి సగం తినేసింది.

"కూర బాగుందందా?" అన్నాడు టైరు షాపు అన్న.

ఉప్పు తక్కువైందంది. నవ్వండి, నవ్వండి. ఆ తర్వాత ఏమైందో తెలిస్తే ఈ నవ్వు ఉండదు.

తిరుగు ప్రయాణం రోజు ఓడ కూత వేసింది. కదల్లేదు. కెప్టెను ఇంజను జోరు పెంచాడు. ఊహూఁ. వంగి చూస్తే మన తీగ. రాత్రికి రాత్రి అడవి దాటి, ఇసక దాటి, నీళ్ళలోంచి వచ్చి ఓడ కమ్మీకి మెలికలు చుట్టేసుకుంది. కెప్టెనుకి పంతం వచ్చి ఇంకా జోరు పెంచాడు. అప్పుడు కదిలింది ఓడ. దాంతోపాటు దీవి కూడా కదిలింది. తాడు కట్టిన లేగదూడలా, చెట్లన్నీ ఊపుకుంటూ మా వెనకే వస్తోంది. కెప్టెను నెత్తి పట్టుకుని, "దీనికి టికెట్టు లేదమ్మా, రేవులోకి రానివ్వరు," అన్నాడు.

"మరి ఎలా వదిలించుకున్నావు?" అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసేసి మరీ వింటున్నారు.

కమ్మీ దగ్గర కూర్చుని దాని కొసని చేతిలోకి తీసుకున్నాను. "మా అత్త మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించే దిక్కు లేదు. వదులు," అన్నాను. మెలిక మీద మెలిక విప్పుకుని వదిలేసింది. మొక్కే అయినా మర్యాద తెలిసింది.

అందరూ బల్ల చరిచి నవ్వారు. స్టూలు మీద కట్టు కాలు చాపుకుని అల్లం దంచుతున్న అత్త మాత్రం రోకలి ఆపింది.

"పువ్వు ఏ రంగు?" అంది.

"చక్కెర తక్కువ ఎవరికి?" అన్నాను నేను.

"నిన్నే అడుగుతున్నా."

"చెప్పమ్మా," అన్నాడు బాబాయ్. "ఏడు రంగులున్నాయని చెప్పు, నమ్మేస్తాం."

నోరు తెరిచాను. దీవిని లాక్కొచ్చిన నోటితోనే ఈసారి ఉన్నది చెప్పాను.

"మొగ్గలే ఉన్నాయత్తా. గుత్తులు గుత్తులుగా. నేను వచ్చేనాటికి విచ్చుకోలేదు."

అత్త వాళ్ళ వైపు తిరిగింది. "పువ్వు చూసి రాస్తేగాని అది కొత్త రకమని మొక్కల శాస్త్రం పెద్దలు ఒప్పుకోరట. పాతదే, ఎండకి నూగొచ్చింది అంటారట. ఫోనులో ఇదే చెప్పింది నాకు. జట్టంతా వచ్చేసినా, మొగ్గ విచ్చేదాకా ఉంటానని ఒక్కతే ఆగింది. కాలి సంగతి నేను నోరు జారకపోతే ఇప్పుడూ అక్కడే ఉండేది." మళ్ళీ నా వైపు చూసింది. "తీగ నిన్ను వదిలిందా, నువ్వే దాన్ని వదిలొచ్చావా?"

కాలేజీ వాదన పోటీల్లో మైకు పట్టుకుని అవతలి జట్టు నోళ్ళు మూయించినదాన్ని. పొంగుతున్న పాలవైపు చూస్తూ, "మళ్ళీ ఏడు పూస్తుందిలే," అన్నాను.

"మళ్ళీ ఏడు నిన్నెవరు పంపుతారు?"

"మరి నీ కాలు?"

"కట్టులో ఉంది. ఎక్కడికీ పోదు. పువ్వు ఆగదు." చీర కొంగుతో నా చేతికంటిన మసి తుడిచింది. ఆ తుడవడంలో నా వేళ్ళు కాసేపు పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

"టైరు షాపు తమ్ముడూ, రేపట్నించి నీ షట్టరు ఎత్తే ముందు నా పొయ్యి వెలిగించు. మాస్టారూ, పాలు పొంగకుండా మీరు చూడాలి, క్లాసులో పిల్లల్ని చూసినట్టే. టైలరన్నయ్యా, నువ్వు స్కూటరు తియ్యి. సాయంత్రం ఓడ అందితే దీనికి పువ్వు అందుతుంది. రేవుకి తీసుకెళ్ళు, ఎక్కించి వచ్చేయకు, ఓడ కదిలేదాకా అక్కడే నిలబడు. ఇది కెప్టెనునైనా మాటల్లో పెట్టి దిగిపోయే రకం. లేవండి, ఆ గ్లాసులు అక్కడ పెట్టి లేవండి."