రొమ్ముల బొక్క

“తాతా, రేపు మాకు నర్సింగ్ కాలేజీల రొమ్ము దెబ్బల మీద పరీక్ష. నీకు ట్రాలీ ఆటో యాక్సిడెంట్ అయినప్పుడు దవాఖానల ఏమేం సూసిండ్రో జెప్పరాదు?”

ఏం సూసిండ్రు బిడ్డా... ముందుగాల ఆధార్ కార్డు సూసిండ్రు. నవ్వకు, నిజంగనే. గుండ్లపోచంపల్లి గోదాముకాడ ముందటి టిప్పర్ గబుక్కున ఆగె, నా స్టీరింగొచ్చి రొమ్ముకు గుద్దె. ఎవరో పుణ్యాత్ములు కొంపల్లి దవాఖానకు తీస్కపోయి పండవెట్టిండ్రు. కౌంటర్ కాడ “ఫోన్ నంబర్ చెప్పు” అంటరు. దమ్ము తీసుడే అయితలేదు, పది అంకెలు యాడికెల్లి జెప్పాలె?

గప్పుడొచ్చింది కొత్త నర్సమ్మ. ఆంధ్ర దిక్కు పిల్ల, మస్తు మర్యాద. “ఏమైందండీ బాబాయ్ గారూ?” అన్నది. “రొమ్ముల బొక్క వోయినట్టున్నది బిడ్డా” అన్న. మనకు బొక్కంటే ఎముకనాయె. ఆళ్లకేమో బొక్కంటే రంధ్రం! “ఛాతీలో బొక్కంట!” అని ఒక్కటే కేక. ఉరికొచ్చిండ్రు నలుగురు. అంగిని కత్తెరతోని పర్రున కోసిండ్రు. మీ మేనత్త లగ్గానికి మేడ్చల్ల కుట్టిచ్చిన అంగి అది... కాదు కాదు, మీ నాయిన లగ్గానికి... ఏదైతేంది, పోయింది. ముందట ఎతికిరి, బోర్లేసి ఎనక ఎతికిరి. “బొక్క ఏదండీ?” “లోపలున్నదమ్మా!” “లోపలా!” ఇంకింత పరేషాన్. నా పానం పోతాంది, ఆళ్లు తొర్ర ఎతుకుతుండ్రు.

గంతల మన శామీర్‌పేట దిక్కు పెద్ద సిస్టర్ ఒకామె వచ్చింది. ఏమడగలే. వంగి, నా రొమ్ము దిక్కే ఒక్క తీరుగ సూసింది. “దమ్ము తీస్తుంటే ఎడమ దిక్కు లేస్తలేదు, జల్దీ డాక్టర్ సాబ్‌ను పిలువుండ్రి” అన్నది. ఇరిగిన బొక్క ఊపిరితిత్తికి గుచ్చుకున్నదట, దాంట్ల గాలి బయటికొచ్చి, రొమ్ములనే ఇరుక్కొని దాన్నే ఒత్తుతాందట. నిజం జెప్తున్న బిడ్డా, గప్పుడు భయమైంది. మీ అవ్వ యాదికొచ్చింది.

డాక్టర్ సాబ్ వచ్చి పక్కన ఇంత కోసి, ఆ గాలి బయటికి వోనీకి గొట్టం ఎక్కిచ్చిండు. సూసినవా, ఎతికి ఎతికి దొరకకపోతే ఆఖరికి ఆళ్లే జేసిండ్రు బొక్క! గా బొక్కతోనే బతికిన.

ఆ పిల్లను మాత్రం ఏమనకు. ఎముక అని సమజైతుండె అనుకో, నన్ను ఎక్స్‌రే లైన్ల కూసోవెడుతుండె, గాడ్నే ఖతం. అంగి విప్పిచ్చింది ఆమెనే గద. నువ్వు గూడ గంతే... ఫోన్ నంబర్ తర్వాత రాస్కో. ముందుగాల అంగి విప్పి, రెండు దిక్కులు లేస్తున్నయా సూడు. సల్లగుండు బిడ్డా, పది మందిని బతికియ్యి. ఇగ పో, సదువుకో... అవ్ గానీ, గా అంగి మీ నాయిన లగ్గందే...