అలివేలక్క డబ్బా

క్రిస్మస్ ముందురోజు వ్యాసర్పాడిలో ఆమె పొద్దుటినుంచీ నడుము పడిపోయేలా కజ్జికాయలు చేసి, దీపావళికి ఇరుగుపొరుగు మిఠాయి పెట్టిచ్చిన డబ్బాలన్నీ నింపి మొగుడి చేత తిరిగి పంపింది. ఒక డబ్బా ఖాళీగా వెనక్కొచ్చింది.

“ఇది అలివేలక్కది గదా? ఆడ ఇయ్యలేదా?”

“ఇచ్చినా. రంగనాథమన్న కజ్జికాయలు తీసుకుని, డబ్బా మీరే పెట్టుకోండన్నాడు.”

“ఎందుకంట?”

“దీపావళి అయిన వారానికే అలివేలు వదిన పొయింది గదా. ఇంక దాన్ని నింపిచ్చేదెవరు అన్నాడు.”

ఆమె మూత మీద చెక్కిన పేరును కొంగుతో తుడిచింది. తమకని దాచుకున్న నాలుగు కజ్జికాయలూ అందులో పెట్టింది.

“మళ్ళీ పొయిరా.”

“కాళ్ళు లాగతా ఉండాయి మే.”

“నాకు నడుం లాగతా ఉంది. అయినా పో. అక్క పేరుండే డబ్బా అక్క ఇంట్లోనే ఉండాల.”