రివర్స్ ఉన్న చోట

గోడకు ముఖం పెట్టి ఆపిన కొత్త పికప్ బండిలో భర్త కూర్చుని ఉన్నాడు. తడిగుడ్డ పట్టుకుని భార్య బండికీ గోడకీ మధ్యలోకి రాబోయింది.

“ఆగు! బండి ముందుకు రాకు.”

“ఏం, కొత్త బండి రాగానే నా చెయ్యి పనికిరాకుండా పోయిందా? పదహారేళ్ళు పాతదాని అద్దం తుడిచిందెవరట?”

“అది కాదే. నిన్న పొద్దున తుడుస్తూ తుడుస్తూ ఫోన్ మోగిందని లోపలికెళ్ళావు, గుర్తుందా?”

“అక్క చేసింది. అయితే?”

“పాత కంపెనీ బండికి రివర్స్ ఎడంపక్క పైన ఉండేది. ఈ కంపెనీవాళ్ళు సరిగ్గా అక్కడే ఫస్ట్ గేరు పెట్టారు. అలవాటు కొద్దీ నా చెయ్యి అక్కడికే పోయింది. వెనక్కి వెళ్తుందనుకుని క్లచ్ వదిలాను.”

“ముందుకు దూకిందా?”

“గోడ చూడు.”

“అమ్మో! వానకి పెచ్చు ఊడిందనుకున్నాను. ఇది నా తొడల ఎత్తుకి వస్తోందయ్యా!”

“నువ్వు లోపలికెళ్ళావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేది?”

“ముందు తాళంచెవి తీసి నా చేతికియ్యి.”

“ఇదిగో. ఏంటే, ఆ పెచ్చు ఎత్తు చేత్తో కొలుస్తున్నావేం?”

“నిన్న లోపలికెళ్తూ, లైట్లు తుడిచి రమ్మని పాపని పంపాను. చెప్పులు కనబడలేదని వెతుక్కుంటూ కూర్చుంది. బద్ధకం దానికని వీపు మీద ఒకటి వేశాను.”